జులైలో నాటిన మొక్కకు మే నెలలో నీళ్లు పోసేదెవరు?

రోటరీ, లయన్స్ క్లబ్బులకు కొత్త సంవత్సరం జనవరిలో రాదు, జులై 1న వస్తుంది. ఆ రోజు నుంచి కొత్త అధ్యక్షుడు, కొత్త కార్యదర్శి, కొత్త కోశాధికారి. తెలుగు రాష్ట్రాల్లో అప్పటికి తొలకరి పడి నేల తడిసి ఉంటుంది. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం కూడా జులై మొదటి వారంలోనే జరుగుతుంది. అటవీ శాఖ నర్సరీల్లో మొక్కలు సిద్ధంగా దొరుకుతాయి. అందుకే చాలా ఊళ్లలో కొత్త కార్యవర్గం చేసే మొట్టమొదటి సేవ మొక్కలు నాటడం. మున్సిపల్ కమిషనర్ వస్తారు, స్కూలు పిల్లలు వరసగా నిలబడతారు, ఫొటోలు మర్నాడు జిల్లా ఎడిషన్‌లో పడతాయి.

వానలున్నన్ని రోజులూ ఆ మొక్కకు ఢోకా లేదు. దాని కష్టం సంక్రాంతి వెళ్లాక మొదలవుతుంది. ఫిబ్రవరిలో పైనేల ఎండుతుంది, మార్చిలో ఆకు వాడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో వేరు చచ్చిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే క్లబ్బు పదవీకాలం కూడా చివరికొస్తుంది. వచ్చే కార్యవర్గం, ప్రమాణ స్వీకారం, ఆ ప్రాంతపు క్లబ్బులన్నిటికీ పెద్ద అయిన జిల్లా గవర్నరుకు పంపాల్సిన వార్షిక నివేదిక, అవార్డుల దరఖాస్తులు... అందరి ధ్యాసా అటే. జూన్ ఆఖరుకి ఆ మొక్క ఎవరిదీ కాదు. జులైలో కొత్త అధ్యక్షుడు వస్తాడు, కొత్త ఫ్లెక్సీ వస్తుంది, ఒక్కోసారి అదే గుంటలో కొత్త మొక్క పడుతుంది.

ఏ బైపాస్ రోడ్డు పక్కనైనా ఆగి చూస్తే ఇది కనిపిస్తుంది. నీలం రంగు వేసిన ఇనుప ట్రీగార్డు. దాని నుదుటన తెల్ల అక్షరాల్లో క్లబ్బు పేరు, దాత పేరు, ఏ సంవత్సరమో. లోపల వేలెడు లావు ఎండుపుల్ల, దానికి కట్టిన తాడు మాత్రం ఇంకా బిగుతుగానే ఉంటుంది. అడుగున నాలుగు టీ కప్పులు, ఒక గుట్కా కాగితం, పక్క నుంచి లోపలికి దూరి ఏపుగా ఎదిగిన సర్కారు తుమ్మ. ఎవరూ నీళ్లు పోయకుండా అది బతికింది. నాటిన కానుగ మొక్క బతకలేదు.

దీనికి ఏ ఒక్కరినో తప్పుపట్టి లాభం లేదు. ఆ మొక్క నాటిన పెద్దమనిషి మనస్ఫూర్తిగానే నాటాడు, జేబులోంచి డబ్బు కూడా పెట్టాడు. తేడా ఎక్కడ వచ్చిందంటే, క్లబ్బు నడిచేది ఏడాది లెక్కన, చెట్టు ఎదిగేది కనీసం మూడేళ్ల లెక్కన. పర్యావరణంలో ఏ పని పట్టుకున్నా ఇదే సంగతి. చెరువైనా, చెత్తైనా, సముద్రపు ఒడ్డైనా ఒక్క ఆదివారంతో తేలేవి కావు. సేవా క్లబ్బులు పర్యావరణానికి ఏం చేయగలవు అన్న ప్రశ్నకు జవాబు కొత్త కార్యక్రమాల జాబితాలో దొరకదు. ఒక అధ్యక్షుడు మొదలుపెట్టిన పనిని తర్వాతి ముగ్గురూ ఎలా మోస్తారన్న దాంట్లో ఉంది.

క్లబ్బులకు పర్యావరణం మీద ఆసక్తి లేదని కాదు. లయన్స్ అంతర్జాతీయ అధ్యక్షుడిగా 2011-12లో పనిచేసిన హాంకాంగ్‌కు చెందిన వింగ్ కున్ టామ్ పది లక్షల మొక్కలు నాటాలని పిలుపునిస్తే లెక్క కోటి దాటింది. 2017-18లో రోటరీ అధ్యక్షుడు, ఆస్ట్రేలియాకు చెందిన ఇయాన్ రైజ్లీ, సభ్యుడికి ఒక మొక్క చొప్పున 2018 ఏప్రిల్ 22 ధరిత్రీ దినోత్సవం లోపు నాటమన్నారు. రోటరీ 2020లో పర్యావరణాన్ని తన ఏడో ప్రధాన సేవా రంగంగా ప్రకటించింది. 2021 జులై నుంచి ఆ రంగానికి రోటరీ ఫౌండేషన్ గ్లోబల్ గ్రాంట్లు కూడా తెరిచింది. లయన్స్ సంస్థ మధుమేహం, చూపు, ఆకలి, చిన్నపిల్లల క్యాన్సర్‌తో పాటు పర్యావరణాన్ని తన ప్రధాన లక్ష్యాల్లో పెట్టుకుంది. ఉత్సాహానికి కొదవలేదు. కానీ ఇలాంటి పిలుపుల్లో చెప్పుకునే అంకె ఎప్పుడూ నాటిన మొక్కలది. బతికినవాటి అంకె అడిగేవాళ్లు తక్కువ.

అయితే ఏడాదికొకరు మారే క్లబ్బులు పాతికేళ్ల పాటు ఒకే పని మీద నిలబడలేవా? నిలబడ్డాయి. పోలియో విషయంలో.

రోటరీ 1985లో పోలియోప్లస్ మొదలుపెట్టింది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. 1985 నుంచి ఆ ఆఖరి కేసు దాకా ప్రతి క్లబ్బులో పాతికమంది అధ్యక్షులు మారి ఉంటారు. పని మాత్రం మారలేదు. నిజానికి టీకా తయారు చేసింది రోటరీ కాదు, వేసింది ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు. క్లబ్బులు డబ్బు పోగు చేశాయి, బూత్‌ల దగ్గర నిలబడ్డాయి, అపోహలున్న బస్తీల్లో పెద్దలతో మాట్లాడాయి, సర్కారు ఉత్సాహం తగ్గినప్పుడు వెనక నుంచి తోశాయి.

ఆ కార్యక్రమంలో అందరికీ గుర్తుండేది ఆదివారం బూత్, పిల్లల ఎడమ చేతి చిటికెన వేలి మీద నల్ల గుర్తు. కానీ పోలియోను ఓడించింది సోమ, మంగళవారాలు. ఆ రెండు రోజులూ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగేవారు. ఆ ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు పక్కన సుద్దతో ఇంగ్లిష్ ‘పి’ అక్షరం. ఒక్క బిడ్డ తప్పిపోయినా ‘ఎక్స్’. ఎక్స్ గుర్తున్న ఇంటికి మళ్లీ వెళ్లాలి, అది పి అయ్యేదాకా వెళ్లాలి. ఎన్ని చుక్కలు వేశామన్న దానికంటే ఎవరు మిగిలిపోయారన్న దాని మీద నడిచిన లెక్క అది.

మొక్కలకు కావాల్సింది సరిగ్గా ఆ సుద్ద గుర్తే. నాటిన ప్రతి మొక్కకూ ఒక నంబరు, ఒక రిజిస్టరు. సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి, మే ఆఖరున ఒకసారి నడుచుకుంటూ వెళ్లి చూడటం. బతికి ఉంటే పి, ఎండితే ఎక్స్. ఎందుకు ఎండిందో పక్కన ఒక ముక్క: మేక తిన్నది, కేబుల్ వాళ్లు తవ్వారు, నీళ్లు అందలేదు, కరెంటు తీగ కింద ఉందని కొట్టేశారు. ఈ పనికి వయసైన సభ్యులే వెళ్లనక్కర్లేదు. రోటరీకి రోటరాక్ట్, ఇంటరాక్ట్ క్లబ్బులున్నాయి, లయన్స్‌కు లియో క్లబ్బులున్నాయి, కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ ఉంది. ఫోన్‌లో ఫొటో తీస్తే తేదీ, స్థలం వాటంతట అవే పడతాయి. జూన్ ఆఖరున దిగిపోయే అధ్యక్షుడు కొత్త అధ్యక్షుడి మెడలో పదవి గుర్తుగా కాలర్ వేసేటప్పుడు ఈ రిజిస్టరు కూడా చేతిలో పెట్టాలి. కొత్తాయన మొదటి కార్యక్రమం కొత్త మొక్క కాకపోయినా ఫర్వాలేదు. పాత రిజిస్టరులో ఎక్స్ పడిన గుంటలు నింపితే అదే గొప్ప.

నీళ్ల లెక్క కూడా భయపెట్టేంతది కాదు. మొక్కకు వారానికి 15 లీటర్లు అనుకుంటే వంద మొక్కలకు 1,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒక్క ట్రిప్పుకు మూడొందల మొక్కలకు పైగా తడుపుతుంది. ఫిబ్రవరి మొదలు జూన్ రెండో వారం దాకా ఇరవై వారాలు, ఇరవై ట్యాంకర్లు. ఏ క్లబ్బైనా ప్రమాణ స్వీకార సభకు పెట్టే భోజనాల ఖర్చు పక్కన ఈ మొత్తం రాసుకుని చూసుకుంటే, మొక్క ఎండిపోవడానికి కారణం డబ్బు కాదని అర్థమవుతుంది. ముందే లెక్కలో రాసుకోకపోవడం వల్లే ఎండిపోతోంది. అందుకే మొక్కల ఖర్చులో మొక్క ధర, గార్డు ధరతో పాటు మూడు వేసవుల నీటి ఖర్చు కూడా నాటిన రోజే విడిగా బ్యాంకులో వేయాలి. అంత డబ్బు లేకపోతే వెయ్యికి బదులు వంద నాటాలి. నాటేది కూడా రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంటలో, మనిషెత్తు మొక్క అయితే మేకకు అందదు, కలుపు కింద మునగదు.

ఏ మొక్క అన్నది మరో ప్రశ్న. ఇక్కడ తొందరపడితే తర్వాత బాధపడాల్సి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని దాటాక నగరంలో వేల చెట్లు కూలిపోయాయి. పచ్చదనం త్వరగా తిరిగి రావాలని తర్వాత రోడ్ల వెంట ఏడాకులపాల పెద్ద సంఖ్యలో వేశారు. అది మన దేశపు చెట్టే, గాలికి నిలబడుతుంది, నీడనిస్తుంది. కానీ చలికాలం మొదట్లో ఊరంతా ఒక్కసారి పూసేసరికి ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఊపిరాడని ఇబ్బంది అని జనం ఫిర్యాదు చేయడం మొదలైంది. చెట్టు మంచిదే, ఒకే జాతిని వరసగా వేయడం తప్పయింది. కోనోకార్పస్‌ది ఇంకో కథ. నీళ్లు తక్కువైనా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. అందుకే డివైడర్ల మీద, లేఅవుట్లలో విపరీతంగా నాటారు. దాని వేళ్లు పైపులకు, డ్రైనేజీలకు చేసే నష్టం, పుప్పొడి వల్ల ఎలర్జీ భయం బయటికొచ్చాక 2023లో గుజరాత్ దాన్ని నాటడాన్ని నిషేధించింది. తెలంగాణలోనూ నర్సరీల నుంచి పక్కన పెట్టారు. రావి, మర్రి, చింత, నేరేడు, వేప, కానుగ, పొగడ లాంటివి కలిపి వేసుకుంటే ఇన్ని తిప్పలుండవు. కాకపోతే మర్రి, రావి కరెంటు తీగల కింద పెట్టకూడదు, వాటికి చెరువు గట్టో, స్కూలు ఆవరణో, శ్మశానమో కావాలి. ఈ మాత్రం సలహాకు ఊళ్లోని డిగ్రీ కాలేజీ బోటనీ మాస్టారిని కూర్చోబెట్టి ఒక గంట మాట్లాడితే చాలు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య ఏ క్లబ్బులోనూ పదవి లేకుండానే జీవితమంతా ఈ పని చేశారు. వేసవిలో విత్తనాలు ఏరుకోవడం, వానలు పడ్డాక సైకిలు మీద తిరిగి చల్లడం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఒక్క మనిషి, సైకిలు, ఓపిక. ఆయనకు లేని డబ్బూ, వాహనాలూ, అధికారుల దగ్గర పలుకుబడీ క్లబ్బులకున్నాయి. ఆయనలోని ఓపికను క్లబ్బు నిబంధనల్లోకి ఎలా తెచ్చుకోవాలన్నదే ఆలోచించాలి.

మొక్కల గురించి ఇంత చెప్పినా, క్లబ్బుల అసలు బలం మొక్కల్లో లేదు. అది సభ్యుల పట్టికలో ఉంది.

1905లో షికాగోలో పాల్ హారిస్ రోటరీని మొదలుపెట్టినప్పుడు ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరిని తీసుకోవాలన్నది పద్ధతి. ఇప్పుడు అంత కచ్చితంగా లేకపోయినా ఆ స్వభావం పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఏ మధ్యరకం పట్టణంలోని క్లబ్బు పట్టిక తీసినా అందులో ఎవరుంటారో ఊహించవచ్చు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఫంక్షన్ హాల్ ఓనర్, స్వీట్ షాపు ఆయన, హోటల్ ఆయన, సూపర్ మార్కెట్ ఆయన, రైస్ మిల్లరు, ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్, బట్టల షాపు ఆయన, ఒక చార్టర్డ్ అకౌంటెంట్, ఫ్లెక్సీలు ప్రింట్ చేసే ఆయన, రియల్ ఎస్టేట్ చేసేవాళ్లు. వాసవి క్లబ్బుల్లోనైతే వ్యాపారులే ఎక్కువ. ఊళ్లోకి వచ్చే ప్లాస్టిక్‌లో పెద్ద భాగం వీళ్ల కౌంటర్ల మీదుగానే జనం చేతికి పోతుంది. ఊరి చెత్త ఎక్కడ పుడుతుందో ఆ స్థలాల తాళంచెవులు ఈ ముప్పై నలభై మంది దగ్గరే ఉన్నాయి. ఇలాంటి బలం ఏ స్వచ్ఛంద సంస్థకూ లేదు, మున్సిపాలిటీకీ లేదు. మున్సిపాలిటీ జరిమానా వేయగలదు, అంతే. తోటి సభ్యుడు పక్కన కూర్చుని కాఫీ తాగుతూ ‘అన్నా, మనం మొదలుపెడదాం’ అనగలడు.

2022 ఆగస్టు 26న విశాఖ సాగరతీరంలో వేలమంది కలిసి ఒక్క ఉదయంలో ఏరిన ప్లాస్టిక్ 76 టన్నులని అప్పుడు ప్రకటించారు. అంత మంది చేతులు పడితే ఎంత పని జరుగుతుందో అది చూపించింది. ఆ ప్లాస్టిక్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోట పని చేయకపోతే మళ్లీ అంతే పోగవుతుందని కూడా చూపించింది. ఒడ్డున ఏరే పని విలువైనదే. కానీ ఏరే చేయి, అమ్మే చేయి ఒకే మనిషివైనప్పుడు అమ్మే చోట ఆపడం తేలిక.

ఫంక్షన్ హాల్ సంగతి చూద్దాం. పెళ్లి రాత్రి పదిన్నరకు హాలు వెనక తలుపు తీసి చూస్తే, పెద్ద డ్రమ్ములు నిండి పొర్లుతుంటాయి. సాంబారన్నం, పెరుగు, దాంట్లో మునిగిన ప్లాస్టిక్ గ్లాసులు, సగం తాగి వదిలేసిన చిన్న నీళ్ల బాటిళ్లు, ఐస్‌క్రీమ్ కప్పులు, టేబుళ్ల మీద పరిచిన పల్చటి ప్లాస్టిక్ కాగితం తిన్న ఆకులతో సహా చుట్టగా చుట్టి పడేసి ఉంటుంది. అన్నం వాసనకు వచ్చిన ఆవు ఆ కాగితాన్ని కూడా నములుతుంది. వెయ్యి మంది భోజనానికి మనిషికి బాటిల్, గ్లాసు, కప్పు ఒక్కొక్కటే లెక్కేసినా మూడు వేల ముక్కలు. అన్నంతో కలిసిపోయాక వాటిని ఎవరూ వేరు చేయలేరు, చేసినా కొనేవాళ్లుండరు. అదే మొదట్లోనే వేరుగా ఉంటే మిగిలిన అన్నం కూర ఎరువవుతాయి, బాటిళ్లు పాత సామాన్ల షాపుకు పోతాయి.

2022 జులై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని నిషేధంలో ఉన్నాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, స్వీట్ బాక్సుల మీద చుట్టే పల్చటి కాగితం, డెకరేషన్‌కు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల కంటే పల్చనైన పీవీసీ బ్యానర్లు అన్నీ ఆ జాబితాలోవే. ఘన వ్యర్థాల నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలంటున్నాయి. చట్టం ఉంది. అమలు చేసేందుకు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఊరంతటికీ ఒకరో ఇద్దరో. ఒక క్లబ్బు తన సభ్యుల ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, స్వీట్ షాపులు ఈ నిబంధనలు పూర్తిగా పాటిస్తాయని తీర్మానం చేస్తే ఆ ఊళ్లో అమలు సగం అయినట్టే.

ప్రత్యామ్నాయం కూడా అదే క్లబ్బు అందివ్వగలదు. సిద్దిపేటలో స్టీలు బ్యాంకులు పెట్టి శుభకార్యాలకు స్టీలు ప్లేట్లు, గ్లాసులు ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఏ క్లబ్బైనా వెయ్యి ప్లేట్లు, వెయ్యి గ్లాసులు, గిన్నెలు కొని ఒక మహిళా సంఘానికి అప్పగిస్తే కడగడానికీ, ఇచ్చి పుచ్చుకోవడానికీ వాళ్లు తీసుకునే కొద్దిపాటి చార్జీ వాళ్లకే ఆదాయం. ఒకసారి కొన్న స్టీలు పదేళ్లు పనిచేస్తుంది, దాని మీద క్లబ్బు పేరు కొట్టించినా ఎవరికీ అభ్యంతరం ఉండదు, ట్రీగార్డు మీద పేరు కన్నా ఎక్కువ మంది చూస్తారు. స్టీలు కుదరని చోట అరిటాకు, అడ్డాకు విస్తరి. ఏజెన్సీలో అడ్డాకు కోసి కుట్టే గిరిజన కుటుంబాలకు ఈ పట్టణ పెళ్లిళ్లే మార్కెట్.

హోటల్ సభ్యులకు మరో పని ఉంది. మళ్లీ మళ్లీ మరిగిన వంటనూనెలో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన 2018 జులై నుంచి ఉంది. అలాంటి నూనె ఇప్పుడు తోపుడుబండ్లకు చవగ్గా పోతోంది, లేదా డ్రైనేజీలోకి. ఒక్క హోటల్ నూనె కోసం బయోడీజిల్ కంపెనీ బండి రాదు. ఇరవై హోటళ్లు, బజ్జీల దుకాణాలు కలిపి నెలకోసారి ఒకచోట పోగేస్తే వస్తుంది. ఆ పోగేసే పని క్లబ్బు తప్ప ఊళ్లో ఇంకెవరు చేస్తారు? పాత బ్యాటరీలు, చెడిపోయిన ఫోన్లు, చార్జర్ల సంగతీ అంతే. డాక్టర్ సభ్యులు తమ ఆసుపత్రి వ్యర్థాలు రంగుల సంచుల్లో సరిగ్గా వేరవుతున్నాయో లేదో ముందు చూసుకుంటే తర్వాత ఊరికి చెప్పే మాటకు బలం వస్తుంది.

ఇక ఫ్లెక్సీ. పుట్టినరోజుకు, ప్రమాణ స్వీకారానికి, గవర్నర్ గారి రాకకు, చివరికి ప్లాస్టిక్ వద్దని చెప్పే ర్యాలీకి కూడా ఫ్లెక్సీయే. విశాఖలో 76 టన్నులు ఏరిన ఆ రోజే అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించారు. తర్వాత గడువు నవంబరు నుంచి 2023 జనవరి 26కు జరిగింది, ఫ్లెక్సీ ప్రింటర్ల జీవనోపాధి గొడవ పెద్దదైంది. ప్రింటర్ల బాధ నిజమైనదే. గుడ్డ మీద ప్రింట్ చేసే మెషీన్ మారాలంటే లక్షల అప్పు, ఆర్డర్లు వస్తాయన్న నమ్మకం ఉండాలి. ఒక పట్టణంలోని క్లబ్బులన్నీ కలిసి ‘మా బ్యానర్లన్నీ ఇక గుడ్డ మీదే’ అని రాసిస్తే ఆ నమ్మకం వస్తుంది. తేదీ లేకుండా, సంవత్సరం లేకుండా, అధ్యక్షుడి ఫొటో లేకుండా కుట్టించుకున్న గుడ్డ బ్యానరు పదేళ్లు వాడుకోవచ్చు. ఫొటో లేకుండా అన్నదే కష్టమైన మాట. అయినా ఆ త్యాగం అడగదగిందే.

క్లబ్బులు ఎప్పటి నుంచో చేస్తున్న, ఎవరూ పర్యావరణం కింద లెక్కేయని పని ఒకటుంది. శ్మశానవాటికల నిర్వహణ. చాలా ఊళ్లలో గేటు మీద రోటరీ చక్రమో లయన్స్ గుర్తో కనిపిస్తుంది. ఒక దహనానికి నాలుగైదు క్వింటాళ్ల కట్టె పోతుంది. గ్యాసు, కరెంటు దహనవాటిక పెడితే కట్టె మిగులుతుంది, పొగ తగ్గుతుంది. జనానికి ఉన్న సంకోచాన్ని పోగొట్టడానికి మాటతీరు, మర్యాద, ఏళ్ల తరబడి నమ్మకం కావాలి. ఆ నమ్మకం క్లబ్బులకుంది. లయన్స్ కంటి ఆసుపత్రుల్లో వచ్చిన నమ్మకం లాంటిదే. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ సదస్సులో చేసిన ఒక విజ్ఞప్తితో మొదలైన కంటి సేవ వందేళ్ల తర్వాతా నడుస్తోందంటే, అక్కడ కట్టడం, సిబ్బంది, రోజువారీ పని ఉన్నాయి కాబట్టి. కార్యక్రమంగా మొదలైంది సంస్థగా మారింది.

డబ్బు దారులు కూడా తెలుసుకోవాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, ఆ పద్దులో పర్యావరణం ఉంది. క్లబ్బు ట్రస్టుకు ఆదాయపు పన్ను మినహాయింపు నమోదులతో పాటు, ఈ నిధులు తీసుకునేందుకు కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు ఉంటే ఆ డబ్బు నేరుగా రావచ్చు. రోటరీ గ్లోబల్ గ్రాంటుకు ప్రాజెక్టు కనీసం 30,000 డాలర్లది కావాలి, గ్రాంటు అయిపోయాక పని ఎలా నడుస్తుందో ముందే రాసివ్వాలి. నిజానికి ఆ రెండో షరతే మంచిది. ఊళ్లో చేసే చిన్న పనికీ అదే పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే అవసరమైనది చెరువు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పల్లెల్లో పూడిక తీశారు, మట్టి పొలాలకు చేరింది. పట్టణాల్లోని చెరువుల గతి వేరు. పొలాలు పోయి ప్లాట్లు వచ్చాక ఆయకట్టు లేదు, ఆయకట్టు లేని చెరువును అడిగే రైతు లేడు. నీళ్లు నిలవాల్సిన శిఖం భూమిలో మొదట చెత్త పడుతుంది, తర్వాత మట్టి, ఆ తర్వాత కడ్డీలు పాతి తీగ లాగుతారు. హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా అనే సంస్థ ఏర్పాటయ్యేదాకా వచ్చిన సంగతి అందరికీ తెలుసు. మిగతా ఊళ్లకు హైడ్రా లేదు.

ఇక్కడ క్లబ్బులు చాలాసార్లు మౌనంగా ఉండిపోతాయి. కారణం దాచాల్సిన పని లేదు. ఆ తీగ లాగినవాడు ఒక్కోసారి తోటి సభ్యుడే, లేదా సభ్యుడి వియ్యంకుడు, లేదా ప్రతి కార్యక్రమానికీ చెక్కు రాసే దాత. రాజకీయాల జోలికి పోకూడదన్న నియమాన్ని అడ్డం పెట్టుకోవడం తేలిక. కానీ చెరువు హద్దు రాజకీయం కాదు, రెవెన్యూ రికార్డు. 1932లో షికాగో వ్యాపారి హెర్బర్ట్ టేలర్ రాసిన నాలుగు ప్రశ్నలను రోటరీ సభ్యులు ఇప్పటికీ సమావేశాల్లో చదువుతారు. మొదటిది ఇది నిజమేనా అని, రెండోది సంబంధమున్న అందరికీ న్యాయమేనా అని. చెరువు గట్టు మీద నిలబడి ఆ రెండూ చదువుకుంటే క్లబ్బు ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గొడవతో మొదలుపెట్టాల్సిన పని కూడా లేదు. తహసీల్దార్ ఆఫీసులో గ్రామ నక్షా (పటం) నకలు తీసుకోవడం. సర్వేయరును పిలిచి పూర్తి నీటిమట్టం ఎక్కడి దాకానో, దాని చుట్టూ కట్టడాలు రాకుండా వదలాల్సిన బఫర్ ఎక్కడి దాకానో రాళ్లు పాతించమని అర్జీ పెట్టడం. ఆ రాళ్లకు క్లబ్బు ఖర్చుతో తెల్ల సున్నం. నెలకోసారి ఒకే చోట నిలబడి నాలుగు దిక్కులా ఫొటో. రోజూ గట్టు మీద నడిచే వాకర్స్ క్లబ్బు వాళ్లు కొత్త మట్టి కుప్ప పడిన రోజే కబురు చెప్పడం. ఎండాకాలంలో సాదా కిట్‌తో నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూసి, మురుగు ఏ పైపు నుంచి వస్తోందో కాలేజీ పిల్లలతో గుర్తించి, ఆ పైపు ఫొటోతో మున్సిపాలిటీకి రాయడం. వినాయక చవితికి మట్టి విగ్రహాలు పంచే క్లబ్బులు నిమజ్జనానికి చెరువు పక్కన విడిగా ఒక కుంట తవ్వించడం.

వీటిలో ఏ ఒక్కటీ ఒక ఏడాదిలో పూర్తి కాదు. రాళ్లు పాతించడానికే రెండు కార్యవర్గాలు పట్టవచ్చు. మూడో ఏడాది అర్జీ పట్టుకుని వెళ్లేవాడికి మొదటి ఏడాది ఫొటోలు చేతిలో ఉండాలి. ముందుగా చేయాల్సిన పని మాత్రం ఈ మే నెలలోనే చేయొచ్చు. చెరువు అడుగు కనిపించే కాలం అదే కాబట్టి, నలుగురు సభ్యులు సాయంత్రం పూట నక్షా పట్టుకుని వరద కాలువ వెంట పైకి నడవాలి. ఎక్కడో ఒకచోట ఆ కాలువకు అడ్డంగా ఒక గోడో, పూడ్చిన కల్వర్టో దొరుకుతుంది. వానలు పడేలోపు అది తీయించగలిగితే ఆ ఏడు నీళ్లు చెరువులోకి వస్తాయి, నిండితే అలుగు పారుతుంది, గట్టు మీద జులైలో నాటిన మొక్కలకు ట్యాంకరు అవసరం కూడా తగ్గుతుంది.